రోగి ప్రక్కనున్నవారికి ఆసరా: హాస్పిస్ ఉద్యమ చరిత్ర

వైద్యమునకు నాలుగు పాదములు కలవని చరకసంహిత చెప్పుచున్నది. వైద్యుడు, ఔషధము, ఉపస్థాత, రోగి. ఈ నాలుగును సరిగా నున్నప్పుడే చికిత్స ఫలించును. ఇందులో మూడవదియైన ఉపస్థాత అనగా దగ్గర నుండి రోగిని కనిపెట్టుకొని ఉండువాడు. అతనికి నాలుగు గుణములు ఉండవలెనని ఆ గ్రంథము విధించినది. ఉపచారము తెలిసియుండవలెను. పనిలో నేర్పు ఉండవలెను. రోగియందు అనురాగము ఉండవలెను. శుచిగా నుండవలెను. సుమారు రెండు వేల సంవత్సరముల నాటి ఈ పట్టిక నేటికిని ఏ నర్సుల పాఠశాలలోనైనను చదివి వినిపింపదగినదే. అయినను అందులో ఒక వైపు మాత్రమే కనబడుచున్నది. ఉపస్థాత రోగికి ఏమి చేయవలెనో చెప్పబడినది. ఉపస్థాతకు ఎవరు ఏమి చేయవలెనో ఆ పట్టికలో లేదు.

అదే గ్రంథము మరియొక మాట కూడ చెప్పినది. అసాధ్యమైన వ్యాధిని వైద్యుడు చేపట్టరాదు. చేపట్టినచో ధనమును, విద్యను, కీర్తిని కోల్పోవును. ఈ అభిప్రాయము మన దేశమునకే పరిమితమైనది కాదు. ప్రాచీన గ్రీకు వైద్యులును వ్యాధికి పూర్తిగా లొంగిపోయిన వానికి వైద్యము చేయరాదనిరి. ఆ కాలపు వైద్యునికి చేతిలో నున్న సాధనములు చాల తక్కువ. కనుక వారిని నిందింప బనిలేదు. కాని దీని ఫలితమును ఆలోచింపవలెను. వైద్యుడు తప్పుకొనెను. అతనితోపాటు ఔషధమును పోయెను. నాలుగు పాదములలో మిగిలినవి రెండే: రోగి, ఉపస్థాత. ఆ ఉపస్థాత ఎవరో వేరుగా చెప్పనక్కరలేదు. భార్యయో, తల్లియో, కూతురో, కోడలో అయియుండును.

ఇట్లు ఇంటిలో మిగిలిపోయిన ఆ రెండవ మనిషిని వైద్యశాస్త్రము ఎప్పుడు చూచినది, ఎట్లు చూచినది అను ప్రశ్నకు సమాధానము హాస్పిస్ ఉద్యమ చరిత్రలో దొరకును. ఆ చరిత్ర మొత్తము మీద డెబ్బది, ఎనుబది సంవత్సరములకు మించదు.

పాత హాస్పిస్‌లు

హాస్పిస్ అను మాటకు మూలము లాటిన్ భాషలోని ఒక పదము. దానికి అతిథి యనియు, ఆతిథ్యమిచ్చువాడనియు రెండర్థములును కలవు. మధ్యయుగములో యూరప్ ఖండమందలి యాత్రికులకు, బాటసారులకు మఠములవారు నడిపిన సత్రములకు ఈ పేరు ఉండెను. మరణమునకు చేరువైన రోగులకు ప్రత్యేకముగా ఒక గృహము ఉండవలెనను భావము 19వ శతాబ్దములో రూపొందినది. ఫ్రాన్సు దేశములోని లియోన్ నగరములో జాన్ గార్నియే అను వితంతువు 1842లో కొందరు వితంతువులను కూర్చుకొని, ఆసుపత్రులు చేర్చుకొనని రోగులైన స్త్రీలకు ఆశ్రయము కల్పించెను. ఐర్లండులోని డబ్లిన్ నగరములో క్రైస్తవ సన్యాసినులు 1879లో ఒక హాస్పిస్‌ను స్థాపించిరి. వారే 1905లో లండన్ నగరపు తూర్పు భాగములో, బీదలు నివసించు హాక్నీ ప్రాంతమందు సెంట్ జోసెఫ్స్ హాస్పిస్‌ను తెరచిరి. అంతకుముందే 1893లో లండన్‌లోనే సెంట్ లూక్స్ అను గృహము వెలసినది.

వీటిలో శుభ్రమైన పడక, వేడి ఆహారము, ఓదార్పు మాట లభించెడివి. ఆ దినములలో ఇది సామాన్యమైన విషయము కాదు. కాని ఇవి ముఖ్యముగా నిరుపేదలకు, దిక్కులేనివారికి ఏర్పడిన గృహములు. రోగికి కుటుంబమున్నచో వారు చూచిపోవుటకు వచ్చు బంధువులు మాత్రమే. ఇంటిలో మరణించువారి సంగతి, వారిని కనిపెట్టుకొని ఉండువారి సంగతి ఈ గృహముల గడపకు అవతల ఉండిపోయినది.

ఇండ్లలోనికి తొంగి చూచిన సర్వే

బ్రిటన్‌లో 1948 జూలైలో జాతీయ ఆరోగ్య సేవ ప్రారంభమై అందరికిని ఉచిత వైద్యము లభించినది. అదే సంవత్సరమున మేరీ క్యూరీ పేరిట ఒక ధర్మసంస్థయు నెలకొన్నది. ఈ సంస్థ జిల్లా నర్సుల సంఘముతో కలిసి, ఇంటిలోనే ఉన్న క్యాన్సర్ రోగుల స్థితిని తెలిసికొనుటకు ఒక సర్వే జరిపినది. ఇంటింటికి తిరుగు నర్సులు సుమారు 7,050 మంది రోగులను గూర్చి వివరములు పంపిరి. నివేదిక 1952లో వెలువడినది.

ఉచిత వైద్యము వచ్చినను రోగుల కష్టము తీరలేదని ఆ నివేదిక బయటపెట్టినది. ఇరుకు గదులు, చాలని పరుపులు, దుప్పట్లు, రాత్రివేళ తోడులేమి, రోగిని చూచుకొనువారు తామే వృద్ధులో, రోగులో అయియుండుట: ఇట్టి సంగతులు మొదటిసారిగా లెక్కలోనికి వచ్చినవి. అంతవరకు ఇవి ఇరుగుపొరుగువారికి తెలిసిన సంగతులే గాని ప్రభుత్వమునకు తెలిసిన సంగతులు కావు. ఒక కష్టము కాగితము మీద అంకెగా మారుటకును, దానికి ఉపాయము ఆలోచించుటకును దగ్గరి సంబంధమున్నది. 1958లో మేరీ క్యూరీ సంస్థ నర్సులను ఇండ్లకు పంపు పద్ధతిని ప్రారంభించినది. వీరు పగటివేళనే గాక రాత్రివేళను రోగి ప్రక్కన కూర్చుండెడివారు. రాత్రి నర్సు చేసిన మేలులో సగము రోగికి, సగము ప్రక్క గదిలో నిద్రించిన ఇల్లాలికి చెందును.

సిసిలీ సాండర్స్

ఆధునిక హాస్పిస్‌కు రూపమిచ్చిన వ్యక్తి సిసిలీ సాండర్స్. ఈమె 1918లో లండన్ సమీపమున జన్మించెను. ఆక్స్‌ఫర్డులో రాజనీతి, అర్థశాస్త్రము చదువుచుండగా రెండవ ప్రపంచయుద్ధము వచ్చినది. చదువు మధ్యలో ఆపి నర్సు శిక్షణ పొందెను. వెన్నునొప్పి వలన ఆ వృత్తిలో కొనసాగలేక ఆసుపత్రిలో ఆల్మనర్‌గా చేరెను. ఆల్మనర్ అనగా రోగి ఇంటి పరిస్థితులు, ఆదాయము, అతని మీద ఆధారపడినవారు మొదలైన విషయములను విచారించి సాయము సమకూర్చు ఉద్యోగి. ఈ ఉద్యోగమును గూర్చి సాధారణముగా ఎవరును ఎక్కువ చెప్పరు. కాని ఆమె తరువాత చేసిన పనికి బీజము ఇక్కడనే ఉన్నదని చెప్పవచ్చును. నర్సు రోగి పడకను చూచును. వైద్యుడు వ్యాధిని చూచును. ఆల్మనర్ రోగి ఇంటిని చూడవలసి యుండెను.

1948లో ఆమె పరిచర్యలో నున్న డేవిడ్ టాస్మా అను రోగి ఫిబ్రవరి 25వ తేదీన మరణించెను. ఇతడు పోలండు దేశమునుండి వచ్చిన యూదుడు, హోటలులో సర్వరు, వయస్సు నలుబది సంవత్సరములు. ఇతనికి లండన్‌లో బంధువులెవరును లేరు. మరణమునకు సమీపించినవారికి తగిన గృహము ఎట్లుండవలెనో వారిద్దరును మాటలాడుకొనెడివారు. తన వద్దనున్న 500 పౌండ్లను ఆమెకు వ్రాసియిచ్చి, ఆమె కట్టబోవు గృహములో తానొక కిటికీనై ఉందునని అతడు చెప్పెను. ఆ కిటికీ చుట్టును గోడలు లేచుటకు 19 సంవత్సరములు పట్టినది.

ఆ సంవత్సరముననే ఆమె సెంట్ లూక్స్ గృహములో స్వచ్ఛందముగా సాయంకాలములు పనిచేయ నారంభించెను. అక్కడ ఒక పద్ధతి ఆమె దృష్టి నాకర్షించినది. అది తరువాత చెప్పబడును. మరణించువారి బాధను గూర్చి నర్సుగా చెప్పినచో ఎవరును వినరని, వైద్యురాలు కావలసినదని ఒక శస్త్రవైద్యుడు సలహా యిచ్చెను. ముప్పది మూడేండ్ల వయస్సులో ఆమె వైద్యవిద్యలో చేరి 1957లో పట్టభద్రురాలయ్యెను. 1958 నుండి 1965 వరకు సెంట్ జోసెఫ్స్‌లో వెయ్యి మందికి పైగా రోగుల బాధను పరిశీలించి, ఒక్కొక్కరి వివరములు నమోదు చేసెను. ఈ అనుభవము నుండి ‘సంపూర్ణ వేదన’ అను భావము రూపొందినది. బాధ శరీరమునకు మాత్రమే కాదు. భయము, దిగులు ఒక భాగము. ఇంటి అప్పు, పిల్లల చదువు, తన వెనుక భార్య గతియేమి అను చింత ఒక భాగము. జీవితమునకు అర్థమేమి అను ప్రశ్న ఒక భాగము. ఇవి యన్నియు ఒకదానినొకటి పెంచుచుండును. ఈ భావమును అంగీకరించినచో కుటుంబము వైద్యపరిధిలోనికి వచ్చి తీరవలెను. ఏలయనగా రోగి వేదనలో నాలుగింట ఒక పాలు ఇంటివారిని గూర్చినదే.

సూది నుండి చెంచాకు

సెంట్ లూక్స్‌లో ఆమె చూచిన పద్ధతి యేమనగా, నొప్పి వచ్చువరకు ఆగక, కాలనియమము ప్రకారము నోటిద్వారా మార్ఫిన్ ఇచ్చుట. మార్ఫిన్ నల్లమందు నుండి లభించు క్షారము. 19వ శతాబ్దారంభములో జర్మనీ దేశపు ఔషధనిర్మాత సెర్ట్యూర్నర్ దీనిని వేరుచేసెను. అలవాటుపడుదురను భయముచే ఆసుపత్రులలో దీనిని రోగి భరింపలేక కేకలు వేసినప్పుడు మాత్రమే, సూది రూపములో ఇచ్చెడివారు. మందు ప్రభావము సుమారు 4 గంటలుండును. ఆపైన నొప్పి తిరిగి వచ్చును. రోగి మరల అడుగవలెను. అడిగి, ఎదురుచూచి, సూది పొందువరకు నొప్పి తారస్థాయి నందుకొనును. తరువాతి మోతాదు పెద్దది కావలసి వచ్చును. మత్తు ఎక్కువగును.

ముందటి మోతాదు ప్రభావము పూర్తిగా తరుగక ముందే తరువాతిది ఇచ్చినచో రక్తములో మందు పరిమాణము ఇంచుమించు సమముగా నుండును. తక్కువ మోతాదులతోనే నొప్పి దూరముగా ఉండును. రోగి తెలివితో మాటలాడగలడు. ఇది జీర్ణము, రక్తప్రసారము, విసర్జనము ఈ మూడింటి వేగములకు సంబంధించిన లెక్క. విద్యార్థులు నాలుగు గంటల కొకసారి మందు ఇచ్చినట్లు ఒక గ్రాఫు గీచి చూచినచో ఇది సులభముగా తెలియును. 1971 తరువాత సెంట్ క్రిస్టఫర్స్‌లో రాబర్ట్ ట్వైక్రాస్ చేసిన పరిశోధనలు ఈ పద్ధతిని స్థిరపరచినవి. మార్ఫిన్ తీసికొనువానికి మలబద్ధకము తప్పక వచ్చుననియు, దానికి మందు మొదటినుండియే ఈయవలెననియు, నిద్రకు ముందు మోతాదును రెట్టింపు చేసినచో నడిరాత్రి లేపవలసిన పని తప్పుననియు క్రమముగా తెలిసినది.

ఇందులో వైద్యులు గమనించినదాని కంటె పెద్ద మార్పు ఒకటి ఇమిడియున్నది. సూది నర్సు చేతిలోనిది. ద్రవరూపమైన మందు, చెంచా, గడియారము ఏ ఇంటిలోనైనను ఉండగలవు. అంతవరకు ఇంటివారు చేయగలిగినదల్లా బాధను చూచుట. ఇప్పుడు బాధను తగ్గించు సాధనము వారి చేతికి వచ్చినది. రోగి ఇంటిలో ఉండగలుగుటకు మొదటి కారణము ఇదియే. నడిరాత్రి మోతాదు తప్పుటచే ఇల్లాలికి ఆరు గంటల నిద్ర దొరకినది. అలసిన మనిషికి ఇది చిన్న వరము కాదు. 1979లో బ్యాటరీతో నడచు చిన్న పంపును, చర్మము క్రింద కొద్దికొద్దిగా మందు ఎక్కించుటకు, మ్రింగలేని రోగులకు వాడనారంభించిరి. దానితో చివరి దినములలో కూడ ఆసుపత్రికి పరుగెత్తవలసిన అవసరము తగ్గినది.

సోమవారపు సెలవు

1967 జూలైలో దక్షిణ లండన్‌లోని సిడెన్‌హామ్ అను చోట 54 పడకలతో సెంట్ క్రిస్టఫర్స్ హాస్పిస్ తెరువబడినది. చికిత్స, పరిశోధన, బోధన మూడును ఒకే కప్పు క్రింద చేర్చుట దాని విశేషము. ఆనాటి ఆసుపత్రులలో బంధువులను దినమునకు ఒక గంటయో, రెండు గంటలో అనుమతించెడివారు. ఇక్కడ ఉదయము నుండి రాత్రి వరకు ఎప్పుడైనను రావచ్చును, పిల్లలను తీసికొని రావచ్చును. సోమవారము మాత్రము ఎవరును రాకూడదు.

ఈ సోమవారపు నియమమును మొదట విన్నవారికి వింతగా తోచును. కాని యోచించి చూడుడు. మరణశయ్యపైనున్న భర్తను చూచుటకు ప్రతిదినము రావచ్చునన్నచో భార్య ప్రతిదినము వచ్చి తీరును. ఒక్కనాడు రాకున్నను తన మనస్సే తన్ను నిందించును. బట్టలు ఉతుకుకొనుటకు, బ్యాంకుకు పోవుటకు, ఊరక పడుకొనుటకు కూడ ఆమె తనకు తాను సెలవు ఇచ్చుకొనలేదు. కనుక ఆ సెలవును సంస్థయే ఇచ్చినది. రాకపోవుట తన తప్పు కాదు, అది నియమము. రోగికి చేయవలసిన చికిత్సను గూర్చి కాక, రోగి బంధువుయొక్క అలసటను గూర్చి ఒక ఆసుపత్రి నియమము వ్రాసికొనిన అరుదైన సందర్భములలో ఇది ఒకటి.

1969లో సెంట్ క్రిస్టఫర్స్ నర్సులు ఇండ్లకు వెళ్ళుట ప్రారంభించిరి. మేరీ బెయిన్స్ అను వైద్యురాలు ఈ శాఖకు తోడ్పడెను. రోగి కుటుంబవైద్యుని చేతిలోనే ఉండును. హాస్పిస్ నర్సు అతనికి సలహా యిచ్చును. ఇంటివారికి మందుల వేళలు వ్రాసియిచ్చును. రోగిని ప్రక్కకు త్రిప్పుట, పడకపుండ్లు రాకుండ చూచుట, నోరు తడుపుట చేసి చూపును. ఏ వేళనైనను ఫోను చేయవచ్చునని చెప్పి నంబరు ఇచ్చును. అర్ధరాత్రి ఊపిరి తీరు మారినప్పుడు ఇది సహజమేనా అని అడుగుటకు ఒక మనిషి ఉండుట ఎంత ధైర్యమో, అట్టి రాత్రులు గడపినవారికి తెలియును.

వియోగమును లెక్కించుట

రోగి మరణించినంతనే వైద్యుని పని ముగియునని అందరును తలచుచుండిరి. ఆ తలపును మార్చినవాడు మానసికవైద్యుడైన కోలిన్ మరీ పార్క్స్. ఇతడు సాండర్స్‌తో మొదటినుండియు కలిసి పనిచేసెను. 1969లో ఇతడును, మరి ఇద్దరును కలిసి బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో ఒక వ్యాసము ప్రకటించిరి. 55 సంవత్సరములు నిండి, భార్యను కోల్పోయిన 4,486 మంది పురుషులను తొమ్మిది సంవత్సరములపాటు వారు గమనించిరి. భార్య పోయిన మొదటి ఆరు నెలలలో 213 మంది మరణించిరి. అదే వయస్సులో భార్యతో జీవించుచున్న పురుషుల లెక్క ప్రకారము ఎందరు మరణింపవలెనో దానికంటె ఇది నూటికి 40 వంతులు అధికము. ఆరు నెలల తరువాత ఈ ఆధిక్యము క్రమముగా తగ్గి, సామాన్యుల స్థాయికి చేరినది. అధికమైన మరణములలో ఎక్కువ భాగము గుండెకు సంబంధించిన వ్యాధుల వలన కలిగినవి.

దిగులుతో గుండె పగిలి పోయెనని మన పల్లెలలోను అందురు. పార్క్స్ వ్యాసముతో ఆ నానుడి మరణపట్టికలలోనికి ఎక్కినది. దీనికి దుఃఖ మొక్కటే కారణమని తేల్చరాదు. భార్యాభర్తలు ఒకే తిండి తిందురు, ఒకే ఇంటిలో ఉందురు, అలవాట్లు కలియును. నెలల తరబడి నిద్రలేక, తన రక్తపోటు మందు తాను మరచిపోయి, భార్యను కనిపెట్టుకొని యున్నవాని శరీరము ఆమె పోవునాటికే చితికి యుండును. కారణములు ఏవైనను, సాయము అవసరమైన కాలము ఏదో ఈ లెక్క స్పష్టముగా చూపినది. సెంట్ క్రిస్టఫర్స్‌లో శిక్షణ పొందిన స్వచ్ఛంద సేవకులు, ఎక్కువ అపాయములో ఉన్నారని తోచిన కుటుంబములను మరణానంతరము వెళ్ళి చూచు ఏర్పాటు జరిగినది. ఎవరిని చూడవలెనో నిర్ణయించుటకు పార్క్స్ కొన్ని ప్రశ్నలతో కూడిన పట్టికను తయారుచేసెను. మాటలాడువారు లేనివారు, ఆత్మనిందలో మునిగినవారు మొదలైనవారు ముందు వరుసలోనివారు. సాయము పొందినవారిని, పొందనివారిని పోల్చి ఆ ఏర్పాటు ప్రయోజనమును పరీక్షించిన పత్రమును 1981లో అతడు ప్రకటించెను. ఓదార్పును కూడ మందును పరీక్షించినట్లు పరీక్షింపవచ్చునని చూపుట అతని ఘనత.

ఇదే కాలములో హాస్పిస్‌తో సంబంధము లేకుండ మరియొక ఉద్యమము బ్రిటన్‌లో నడచినది. మేరీ వెబ్‌స్టర్ అను అవివాహిత, తల్లిదండ్రుల పరిచర్యకై ఉద్యోగము వదలుకొని, తనవంటి స్త్రీల స్థితిని గూర్చి 1963లో పత్రికలకు లేఖ వ్రాసెను. దేశము నలుమూలల నుండి ఉత్తరములు వచ్చిపడినవి. 1965లో ఒక సంఘము ఏర్పడినది. ఇంటిలో రోగిని చూచుకొనుట కోసము ఉద్యోగము మానినవారికి ప్రభుత్వభృతి 1976లో వచ్చినది. అయితే అందులో వివాహిత స్త్రీలకు చోటులేదు. వారు ఎట్లును ఇంటిలోనే ఉందురు గదా యని చట్టము వ్రాసినవారి తర్కము! 1986లో యూరోపియన్ న్యాయస్థానము కల్పించుకొనిన పిదపనే ఆ తర్కము పోయినది.

షెఫీల్డు, అమెరికా

షెఫీల్డు నగరములో ఎరిక్ విల్క్స్ అను కుటుంబవైద్యుడు 1971లో ఒక హాస్పిస్‌ను స్థాపించి, 1975లో దానికి పగటి కేంద్రమును చేర్చెను. రోగి ఉదయము వచ్చి సాయంకాలము ఇంటికి పోవును. ఆ పగలంతయు ఇంటివారికి తెరపి. ఆ తెరపియే ఆ కేంద్రము వారికిచ్చు మందు.

అమెరికాలో యేల్ విశ్వవిద్యాలయపు నర్సింగు శాఖకు అధిపతియైన ఫ్లోరెన్స్ వాల్డ్, 1963లో సాండర్స్ ఉపన్యాసము విని ఆకర్షితురాలయ్యెను. తన పదవిని వదలి సిడెన్‌హామ్‌కు వెళ్ళి పని నేర్చుకొనెను. 1974లో కనెక్టికట్‌లో వారు ప్రారంభించిన హాస్పిస్‌కు మొదట భవనమే లేదు. అది ఇండ్లకు వెళ్ళు నర్సుల జట్టుగానే మొదలైనది. అమెరికా ప్రభుత్వము 1982లో వృద్ధుల ఆరోగ్యబీమాలో హాస్పిస్‌ను చేర్చినది. ఇంటివారి విశ్రాంతి కోసము రోగిని ఒక్కొక్కసారి అయిదు దినములకు మించకుండ వేరొకచోట ఉంచు ఖర్చును బీమా భరించును. మరణానంతరము కుటుంబమునకు ఓదార్పు సేవ లభించును. ఇంటివారి అలసట అమెరికా చట్టపుస్తకములో ఖర్చు పద్దుగా చేరినది ఇప్పుడే.

ఈ సేవల వలన నిజముగా ప్రయోజనమున్నదా? రెండు పరిశోధనలు ఇక్కడ చెప్పదగియున్నవి. షుల్జ్, బీచ్ అనువారు 1999లో ప్రకటించిన పరిశోధనలో 66 సంవత్సరములు పైబడిన దంపతులను గమనించిరి. జీవితభాగస్వామిని చూచుకొనువారు 392 మంది, ఆ అవసరము లేనివారు 427 మంది. నాలుగేండ్లలో, చూచుకొనుచు ఆ భారముచే క్రుంగుచున్నామని చెప్పినవారిలో మరణావకాశము నూటికి 63 వంతులు అధికముగా కనబడినది. చూచుకొనుచున్నను క్రుంగనివారిలో ఆ ఆధిక్యము కనబడలేదు. అనగా పరిచర్య మనిషిని చంపదు. ఆసరా లేని పరిచర్య చంపును.

రెండవది క్రిస్టాకిస్, ఇవాషినా అనువారు 2003లో ప్రకటించినది. హాస్పిస్ సేవ పొంది మరణించినవారి జంటలు 30,838. వయస్సు, వ్యాధి మొదలైన లక్షణములు సరిపోలునట్లు ఎంచిన, హాస్పిస్ సేవ పొందని జంటలు మరి 30,838. భర్త పోయిన 18 నెలలలోపల, హాస్పిస్ సేవ పొందని ఇండ్లలో భార్యలు నూటికి 5.4 మంది, పొందిన ఇండ్లలో 4.9 మంది మరణించిరి. భార్య పోయిన భర్తలలో ఈ అంకెలు వరుసగా 13.7, 13.2. స్త్రీల విషయములో ఈ భేదము గణాంకశాస్త్రపు పరీక్షకు నిలిచినది. పురుషుల విషయములో అంత గట్టిగా నిలువలేదు. భేదము చిన్నదే. నూటికి అరవంతు. కాని ఒక మందు రోగికి గాక రోగి ప్రక్కన కూర్చున్నవారికి ఆయుస్సు పోసినట్లు చూపుట వైద్యములో సామాన్యముగా జరుగదు. హాస్పిస్‌ను ఎంచుకొను కుటుంబములు మొదటినుండియే వేరు లక్షణములు గలవి కావచ్చునను సందేహము పూర్తిగా పోదని కూడ చెప్పవలెను.

మన దేశములో

భారతదేశములో మొదటి హాస్పిస్ 1986లో బొంబాయిలో వెలసినది. టాటా స్మారక ఆసుపత్రిలో శస్త్రవైద్యుడైన లూయీ డిసౌజా దానిని స్థాపించెను. దాని పేరు శాంతి అవేదన. ఆ కాలముననే ఒక విచిత్రమైన ఆటంకము ఎదురైనది. చట్టబద్ధముగా నల్లమందు పండించి ఇతర దేశములకు ఎగుమతి చేయు దేశము మనది. కాని 1985లో వచ్చిన మత్తుమందుల చట్టము వలన ఆసుపత్రులు మార్ఫిన్ కొనుటకు అనేక అనుమతిపత్రములు కావలసి వచ్చెను. తప్పు జరిగినచో కఠినశిక్ష. ఆ భయముతో మందుల దుకాణములు, ఆసుపత్రులు మార్ఫిన్ నిలువ చేయుట మానివేసినవి. పాశ్చాత్యదేశములలో చెంచా చేతికి వచ్చిన కాలముననే ఇక్కడ అది చేజారినది. 2014లో చట్టమును సవరించి పద్ధతిని సులభము చేసిరి.

కేరళలో 1993లో కోజికోడ్ వైద్యకళాశాలలో మత్తువైద్యుడు ఎం. ఆర్. రాజగోపాల్, సురేశ్ కుమార్ మొదలైనవారు నొప్పి ఉపశమన సంఘమును స్థాపించిరి. దూరపు గ్రామములనుండి రోగిని బస్సులో తెచ్చుటయే హింసయని గ్రహించి, వారు ఇండ్లకు వెళ్ళసాగిరి. ఇంటికి వెళ్ళినప్పుడు కనబడినది మందుతో తీరని కష్టము. సంపాదించువాడు పడకను పట్టెను. చూచుకొను భార్య కూలి మానుకొనెను. పిల్లల బడి ఆగినది. కనుక మందు సంచితోపాటు బియ్యము, బడి ఫీజు కూడ పరిచర్యలో భాగములైనవి. పుండు కడిగి కట్టు కట్టుట ఇంటివారికి నేర్పిరి. 1999 తరువాత మలప్పురము జిల్లాలో ఈ పని చుట్టుప్రక్కల ప్రజల చేతికి వచ్చినది. వారమునకు రెండు గంటలైనను వెచ్చింపగలవారికి శిక్షణ యిచ్చి, వారి వాడలోని రోగులను, రోగుల కుటుంబములను వారికే అప్పగించిరి. లండన్ హాస్పిస్‌లో పడక ప్రధానము. ఇక్కడ పొరుగు ప్రధానము. 2008లో కేరళ ప్రభుత్వము ఉపశమన సేవను తన విధానముగా ప్రకటించినది. పంచాయతీల ద్వారా ఇండ్లకు తిరుగు నర్సులు ఏర్పడిరి.

తెలుగునాట హైదరాబాదులోని ఎం. ఎన్. జె. క్యాన్సర్ ఆసుపత్రిలో, 2005 తరువాత, గాయత్రి పాలాట్ నాయకత్వమున ఉపశమన శాఖ వృద్ధిచెందినది. అక్కడికి వచ్చువారిలో అనేకులు దూరజిల్లాల పేదలు. పిల్లలకు వచ్చు క్యాన్సర్‌తో తల్లులు నెలల తరబడి ఆసుపత్రి వరండాలలో గడపెడివారు. మోతాదు ఎట్లు కొలువవలెనో, ఎన్ని గంటల కొకసారి పోయవలెనో, మలబద్ధకమునకు ఏ మందు ఈయవలెనో ఆ తల్లులకు నేర్పి ఇంటికి పంపుట శాఖ పనులలో ముఖ్యమైనది. 2017 తరువాత తెలంగాణ ప్రభుత్వము చేవెళ్ళతో మొదలుపెట్టి జిల్లాలలో ఉపశమన కేంద్రములను ఏర్పాటు చేసినది. కొన్ని పడకలు, వాటితోపాటు పల్లెలకు తిరుగు ఒక వాహనము, అందులో నర్సు. వాహనము ఇంటి ముందాగినప్పుడు ఆ నర్సు మంచము మీదనున్నవానితో మాటలాడి, కట్టు మార్చి, మందు చూచి, పిమ్మట ద్వారబంధము దగ్గర నిలుచున్న ఇల్లాలి వైపు తిరిగి, ఆమె తిన్నదా, పడుకొన్నదా అని అడుగును.